ఎండాకాలం సెలవుల్లో పిలకాయలతో నేచర్ వాక్: నెల్లూరు, ప్రకాశం వాళ్లకి పనికొచ్చే మాటలు

[విజువల్: చెరువు కట్ట, ఇంకా పూర్తిగా తెల్లారలేదు. వెనక తాటిచెట్లు. మాట్లాడే మనిషి కట్ట మీద నడుస్తూ]

నమస్తే అందరికీ. టైము ఐదున్నర, మే నెల. ఇంకో పావుగంటలో పొద్దు పొడుస్తుంది, ఎనిమిది దాటితే ఈ కట్ట మీద నిలబడలేం, ఆ మధ్యలో దొరికే రెండు గంటల గురించే ఈ వీడియో.

బడులకి సెలవులిచ్చేశారు. పిలకాయలు ఫోను పట్టుకుని కూర్చున్నారు, వీళ్లని ఏదో ఒక సమ్మర్ క్యాంపులో చేర్పిద్దామని మీరు వెతుకుతుంటారు, ఈ మధ్య నేచర్ వాక్ అని, నేచర్ క్యాంప్ అని పోస్టర్లు కూడా బాగా కనిపిస్తున్నాయి. అక్కడ ఏం చేస్తారు, డబ్బులు కట్టి పోవడం దండగా కాదా, అసలు మన ఎండల్లో అది కుదిరే పనేనా? కుదురుతుంది. కాకపోతే ఎవరితో పోతున్నారు, ఏ టైముకి పోతున్నారు అన్న రెండు విషయాల్లోనే ఉంది అంతా.

[విజువల్: నీళ్లలో నిలబడిన చెట్లు, వాటి మీద గూడబాతులు. మూల "జనవరిలో తీసినది" అని అక్షరాలు]

ముందుగా ఒకటి చెప్పేస్తా. పక్షులు చూపిస్తామని మే నెలలో ఎవరైనా నేలపట్టుకి బస్సు కడుతుంటే ఆగి ఆలోచించండి. మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. అప్పుడు చెరువు నిండుతుంది, నీళ్లలో నిలబడిన కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి, పిల్లల్ని పెంచుకుంటాయి, ఎండలు ముదిరేసరికి చాలావరకు వెళ్లిపోతాయి. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండగ చలికాలంలో చేసేది అందుకే. (2022లో జిల్లాలు విడగొట్టాక ఆ వైపంతా తిరుపతి జిల్లాలోకి పోయింది, అయినా నెల్లూరోళ్లు ఇప్పటికీ మా నేలపట్టు అనే అంటారు, నేనూ అంతే.) అక్కడి పర్యావరణ విద్యా కేంద్రంలో మ్యూజియం ఉంది, దాని కోసమైతే పోవచ్చు. చెట్ల నిండా గూళ్లు ఉంటాయని పిలకాయలకి చెప్పి తీసుకుపోతే మాత్రం ఎండిన చెరువు చూసి ఏడుపు మొహాలతో తిరిగొస్తారు.

[విజువల్: ఎండిపోతున్న చెరువు, మధ్యలో మిగిలిన మడుగు, చుట్టూ కొంగలు]

అట్లాగని ఎండాకాలంలో చూడ్డానికేం లేదనుకోకండి. చెరువు అడుగంటే కొద్దీ చేపలన్నీ మిగిలిన ఆ కాస్త మడుగులోకి చేరతాయి, ఇక కొంగలకి పండగే. తెల్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, పక్కనున్న కరెంటు తీగ మీద లకుముకి పిట్ట, అన్నీ ఒక్కచోటే. జనవరిలో ఎక్కడో దూరంగా బైనాక్యులర్లో కనిపించేవి ఇప్పుడు మామూలు కంటికే ఆనతాయి. పాలపిట్టని మనం దసరాకి వెతుక్కుని మరీ దండం పెట్టుకుంటాం గానీ, దాని అసలు విన్యాసాలన్నీ ఎండాకాలంలోనే. జతకట్టే రోజులివి. మగది పైపైకి ఎగిరి, అక్కడినుంచి అరుచుకుంటూ పల్టీలు కొడుతూ కిందికి దిగుతుంది, రెక్కల్లో నీలం రంగు అప్పుడు విప్పారుతుంది. ఏ పొలం గట్టు మీదైనా ఉదయం అరగంట నిలబడితే కనిపించే అవకాశం బాగా ఉంటుంది.

ఇక మంచి నేచర్ వాక్ ఎట్లా ఉంటుందో చెప్తా. పన్నెండు, పదిహేను మందికి మించరు. కిలోమీటరు దూరం నడవడానికి గంటన్నర పడుతుంది. పిలకాయలకి మొదటి పదిహేను నిమిషాలు విసుగే, "ఇంకెంత దూరం" అని అడుగుతూనే ఉంటారు. గైడు తెలిసిన మనిషైతే అప్పుడే కింద కూర్చుంటాడు.

[విజువల్: క్లోజప్. చెట్టు కింద పొడి ఇసుకలో గరాటు ఆకారంలో చిన్న చిన్న గుంటలు]

ఇదిగో ఇట్లాంటి చోట. వాన తడపని పొడి ఇసుక, పాత మండపాల కింద, పశువుల కొట్టం అంచున, చెట్ల మొదళ్లలో చూడండి, గరాటుల్లాగా గుంటలు ఉంటాయి, రూపాయి బిళ్లంత వెడల్పు. మనం చిన్నప్పుడు పుల్ల పెట్టి కెలికినవే. ఒక్కో గుంట అడుగున ఒక్కో పురుగు ఇసుకలో దాక్కుని ఉంటుంది, దవడలు మాత్రమే బయటికి. చీమ అంచు మీద కాలు పెట్టిందా, ఇసుక జారుతుంది. అది పైకి ఎక్కబోతుంటే కింద నుంచి పురుగు తలతో ఇసుక ఎగజల్లుతుంది, చీమ మళ్లీ జారుతుంది.

[విజువల్: అదే గుంట, స్లో మోషన్. ఇసుక రేణువులు పైకి లేస్తాయి. ఇక్కడ మాట ఆపేసి పది సెకన్లు వదిలేయాలి]

చూశారా. ఈ పురుగు పెద్దదయ్యాక రెక్కలొచ్చి తూనీగలాగా ఎగురుతుంది. ఇంకో సంగతి చెప్తే పిలకాయలు పడీపడీ నవ్వుతారు: ఈ గుంటలో ఉన్నన్నాళ్లూ ఇది దొడ్డికి పోదు. కడుపులో దానికి బయటికి దారే ఉండదు, అంతా లోపలే దాచుకుని రెక్కలొచ్చాకే వదిలిస్తుంది. ఇది విన్న పిలకాయ ఎవరైనా సరే, ఆ తర్వాత "ఇంకెంత దూరం" అని అడగడు, ఇంకో గుంట ఎక్కడుందో వెతుకుతాడు.

[విజువల్: కిందపడిన గిజిగాడి గూడు చేతిలో. తర్వాత కత్తెరతో నిలువునా కోసిన గూడు]

రెండోది గిజిగాడి గూడు. గిజిగాళ్లు కొత్త గూళ్లు కట్టేది వానలు మొదలయ్యాక, కాబట్టి మే నెలలో తాటిచెట్లకీ తుమ్మలకీ వేలాడేవి దాదాపుగా నిరుటివే, గాలికి కొన్ని రాలి కింద పడి ఉంటాయి. చెట్టు మీద గూడు జోలికి పోవద్దు, రాలిపోయిన పాతదాన్ని పట్టుకు చూస్తే ఎవరికీ నష్టం లేదు. దీన్ని నిలువునా కోశాను చూడండి. ఇది కిందికి వేలాడే గొట్టం, పిట్ట లోపలికి పోయే దారి. ఇది గుడ్లు పెట్టే గది. రెండింటి మధ్యన ఈ అడ్డుగోడ ఉంది చూశారా, గాలికి గూడు ఎంత ఊగినా గుడ్లు దొర్లి గొట్టంలో పడకుండా ఇదే ఆపుతుంది. లోపలి గోడకి మట్టిముద్దలు అంటించి ఉన్నాయి కదా, వీటికి మిణుగురుల్ని అంటించి రాత్రిపూట దీపాలు పెట్టుకుంటుందని పెద్దవాళ్లు చెప్తారు. అది కథ. మట్టి మాత్రం నిజంగానే పెడుతుంది, ఇదిగో ఎండిపోయిన ముద్ద.

కట్టేది మగపక్షే. సగం కట్టి, ఆడపక్షికి చూపించి, దానికి నచ్చితేనే మిగతా సగం. నచ్చక మధ్యలో వదిలేసినవి ఆ చెట్టుకే టోపీల్లాగా వేలాడుతుంటాయి, లెక్కపెట్టమని పిలకాయలకి పని చెప్పండి.

కోకిల సంగతి మీకు తెలిసిందే, కాకి గూట్లో గుడ్లు పెడుతుంది. నల్లగా ఎర్ర కళ్లతో కూసేది మగది, ఆడది గోధుమరంగు మీద తెల్లచుక్కలతో ఉంటుంది, చాలామంది దాన్ని చూసి కూడా కోకిల అనుకోరు. ఇప్పుడు కాకులు గూళ్లు కట్టే కాలం కాబట్టి మీ వీధి వేపచెట్టు మీదే ఈ నాటకం నడుస్తుంటుంది. దీనికి టికెట్టు కూడా అక్కర్లేదు.

[విజువల్: మళ్లీ కట్ట మీద నడక, ఇప్పుడు వెలుతురు వచ్చింది]

సరే, గైడు. పేరు పక్కన డిగ్రీ ఉందా లేదా అన్నది నేను పెద్దగా పట్టించుకోను. 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు ఉండేవాడు, మన దేశపు పక్షుల మీద పెద్ద పుస్తకాలు రాసిన మనిషి. ఇక్కడి జంతువుల గురించి ఆయన యానాదుల్ని అడిగి చాలా తెలుసుకున్నాడు. కలివికోడికి ఇంగ్లీషులో ఉన్నది ఆయన పేరే. ఆ పక్షి ఇక అంతరించిపోయిందనుకున్నాక, 1986లో మళ్లీ దొరికింది కడప జిల్లాలో, అదీ స్థానికులు సాయం చేస్తేనే. ఇప్పటికీ ఏ కలుగులో ఎలక ఉందో, ఏ కలుగులో పాముందో, ఏ జాడ ఎవరిదో చెప్పగలిగిన యానాది పెద్దాయన ఒకరు మీ నడకలో ఉంటే, స్లైడ్లు వేసి చెప్పే క్లాసులు పది పెట్టినా అంత రాదు. క్యాంపు పెట్టేవాళ్లని అడగండి, ఇక్కడి మనిషి ఎవరైనా ఉన్నారా, ఆయనకి సరిగ్గా డబ్బులిస్తున్నారా అని. రెండో ప్రశ్నకి నసిగారంటే నేనైతే చేర్పించను.

ఇంకొన్ని అడగాలి. ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి ముగింపు? "ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు" అని చెప్పినవాళ్లకి ఒక దండం పెట్టి ఫోను పెట్టేయండి, వాళ్లు మన జిల్లాలో ఎండాకాలం చూడలేదు. ఎంతమందికి ఒక పెద్దమనిషి తోడుంటారు? ఫస్ట్ ఎయిడ్ ఎవరికి వచ్చు, దగ్గర్లో ఆసుపత్రి ఏది? పాముల్ని పట్టి చూపిస్తాం అంటారా? అంటే ఆ క్యాంపే వద్దు. పామును పట్టి జనానికి ఆడించడం చట్టప్రకారం కూడా తప్పు, ప్రమాదం సంగతి సరేసరి.

[విజువల్: బల్ల మీద మజ్జిగ సీసా, టోపీ, బూట్లు, నోటు పుస్తకం]

ఎండ గురించి ఊరికే భయపెట్టను గానీ ఇది మాత్రం వినండి. అగ్నికార్తె, రోహిణి కార్తె రోజుల్లో పడమటి గాలి తోలితే సముద్రం గాలి లోపలికి రాలేదు, ఆరోజు సాయంత్రం కూడా నిప్పుల కొలిమే. మధ్యాహ్నానికల్లా తూర్పు గాలి తిరిగిందా, సాయంత్రం ఐదు తర్వాత హాయిగా తిరగొచ్చు. అందుకే సాయంత్రం వాకులు గాలి చూసుకుని పెట్టుకోవాలి. పిలకాయలకి పొద్దున్నే ఖాళీ కడుపు వద్దు, ఉప్పేసిన పల్చటి మజ్జిగ, కాస్త రాగి అంబలి తాగించండి. చెప్పులు వద్దు, బూట్లే. తలనొప్పి, వాంతి వచ్చినట్టుంది అన్నారంటే "ఇంకాస్త దూరమేలే" అనకుండా అక్కడే నీడకి చేర్చి తడిగుడ్డతో ఒళ్లు తుడవండి. మాట తడబడుతుంటే, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ, నేరుగా ఆసుపత్రికే.

[విజువల్: సముద్రపు ఒడ్డు, తెల్లవారుజాము. ఇసుకలో చిన్న చిన్న జాడలు]

సముద్రం వైపు మైపాడు, తుమ్మలపెంట, ప్రకాశంలో కొత్తపట్నం ఉన్నాయి. జనం పోయేది స్నానాలకి, నేను చెప్పేది తెల్లారకముందు ఒడ్డంట నడక. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరంలో ఇసుకలో గుడ్లు పెడతాయి, ఒక్కో గూట్లో వంద దాకా. పిల్లలు బయటికి రావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు. అటవీ శాఖ వాళ్లు కొన్నిచోట్ల గుడ్లు సేకరించి కంచె కట్టి కాపాడి, పిల్లలు రాగానే సముద్రంలోకి వదులుతారు. ఏప్రిల్‌లో సెలవులు రాగానే అడిగితే చివరి గూళ్లు దొరకొచ్చు, మే సగం దాటితే ఆశ తక్కువ. ఇంకో ముచ్చట: గుడ్డులో ఉన్నది ఆడో మగో తేల్చేది ఇసుక వేడి. ఇసుక బాగా కాలితే ఆడవి ఎక్కువ పుడతాయి. అక్కడ ఫోను లైటు వేయొద్దు, ఫ్లాష్ వద్దు, పిల్లని ఎత్తి సెల్ఫీ అసలే వద్దు. బయటికొచ్చిన పిల్లలు వెలుతురున్న వైపుకే పోతాయి, మన లైటు చూసి రోడ్డు మీదికి నడుస్తాయి.

మీ ఊళ్లో ఇట్లాంటి కార్యక్రమం ఏదీ లేకపోతే మీరే మొదలుపెట్టొచ్చు. నెల్లూరులో ఉంటే స్వర్ణాల చెరువు కట్ట, పల్లెలో ఉంటే మీ చెరువు కట్ట. వారానికో కొత్త చోటికి పోకుండా ఒకే దారిని పట్టుకోండి, పోయినవారం కాయ లేని చెట్టుకి ఈవారం కాయొస్తే పిలకాయలు మీకంటే ముందే చెప్తారు. ఫోను ఎట్లాగూ వదలరు కాబట్టి దాంట్లోనే మెర్లిన్ అనే యాప్ వేసివ్వండి, పిట్ట కూత వినిపిస్తే పేరు చెప్తుంది, ఉచితమే. అప్పుడప్పుడు తప్పు చెప్తుంది, కళ్లతో చూసి సరిపోల్చుకోవాలి. మే నెల రెండో శనివారం ప్రాంతంలో ప్రపంచమంతా ఒకేరోజు పక్షుల్ని లెక్కపెట్టే గ్లోబల్ బిగ్ డే ఉంటుంది, మీ కట్ట మీద కనిపించిన కాకీ మైనా కూడా అందులో లెక్కకొస్తాయి.

[విజువల్: అడవి దారి, జీపు, పక్కన ఎండుటాకులు]

చివరిగా నల్లమల. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే దారిలో తుమ్మలబైలు దగ్గర అటవీ శాఖ వాళ్ల జీపు సఫారీ ఉంది. అది దేశంలోనే అతి పెద్ద పులుల అభయారణ్యం, సొంతంగా లోపలికి నడిచిపోవడం కుదరదు, కుదరకూడదు కూడా. పులి కనిపిస్తుందని పిలకాయలకి మాటివ్వకండి, ఆకు రాలిన అడవి కాబట్టి ఈ కాలంలో దుప్పులు, కణుజులు నీటిగుంటల దగ్గర మిగతా రోజుల కంటే తేలిగ్గా కనిపిస్తాయి, అది చాలు. చెంచులెవరైనా కనిపించి మాట్లాడే వీలుంటే తేనె ఎట్లా తీస్తారో అడగండి, ఎంత తీసి ఎంత వదిలేస్తారో కూడా అడగండి. పులుల అడవుల్లో జులై నుంచి సెప్టెంబరు దాకా మామూలుగా సఫారీలు ఆపేస్తారు, కాబట్టి పోదలుచుకుంటే జూన్‌లోపే. బయల్దేరే ముందురోజు రేంజ్ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోండి, అడవిలో నిప్పు లేచిన రోజుల్లో ఎవరినీ లోపలికి పంపరు, అంతదూరం కారేసుకుని పోయి గేటు దగ్గర గొడవపడి లాభం లేదు.