చప్పుడు కాకుండా దిగండి

శ్రోతలకు నమస్కారం. జిమ్‌లో బరువులెత్తేవాళ్లు ఈ మధ్య గెంతడం కూడా మొదలుపెట్టారు. బాక్స్ మీదికి ఎగరడం, నిలబడ్డ చోటి నుంచే ముందుకు దూకడం, ఒంటికాలి గెంతులు. వీటన్నిటినీ కలిపి ప్లయోమెట్రిక్స్ అంటున్నారు. 1960లలో సోవియట్ కోచ్ యూరీ వెర్ఖోషాన్‌స్కీ, ఎత్తు మీంచి దిగీ దిగగానే పైకెగిరే పద్ధతికి పేరు తెచ్చారు. చరిత్ర ఇంతటితో ఆపుతాను, మనకు టైము తక్కువ.

నాకు తెలిసిన ఓ కుర్రాడి సంగతి చెబుతాను. ఇక్కడే, మన విశాఖలో కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి తయారయ్యాడు. మగపిల్లలు లాంగ్ జంప్ 3.80 మీటర్లు దూకాలి. వీడు బరువుల్లో గట్టివాడు. తన బరువు కంటే ఎక్కువ భుజాల మీద పెట్టుకుని స్క్వాట్లు తీస్తాడు. ఇసుక గుంటలో మాత్రం ఎప్పుడూ జానెడు తక్కువే. ఎందుకంటారా? బలం ఉంది, అది బయటికొచ్చే వేగం లేదు. బరువు లేపేటప్పుడు కండరానికి తీరిక ఉంటుంది. పరిగెత్తుకొచ్చి దూకేటప్పుడు పాదం నేలను తాకేది సెకనులో సుమారు పదో వంతు. ఆ కాస్తలోనే కండరం రబ్బరు బ్యాండులా సాగి, వెంటనే ముడుచుకోవాలి.

వాళ్ల కోచ్ వీడిని దూకించలేదు. దిగడం నేర్పారు. అడుగు ఎత్తు అరుగు మీంచి దిగి, కదలకుండా నిలబడాలి. మోకాళ్లు లోపలికి వాలకూడదు, చప్పుడు రాకూడదు. కోచ్ అటు తిరిగి నిలబడి చెవితోనే కనిపెట్టేవారు. ధబ్. ‘మళ్లీ బాబూ.’ ధబ్. ‘మళ్లీ.’ తోటివాళ్లు నవ్వారు. వీడికి ఒళ్లు మండింది. అయినా చప్పుడు తగ్గాకే దూకనిచ్చారు. అదీ వారానికి రెండు రోజులే, బరువులకు ముందే, అలసట లేనప్పుడే. ఐదేసి గెంతులు, మధ్యలో రెండు మూడు నిమిషాల విశ్రాంతి. 3.80 దాటిన రోజు ఫోన్‌లో వాడి కేకకు నా చెవులు గింగురుమన్నాయి.

మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ 2023 ఆసియా ఛాంపియన్‌షిప్‌లో వంద మీటర్ల హర్డిల్స్ స్వర్ణం గెలిచింది. ఆమె పరుగులో అందరూ హర్డిల్ దాటడం చూస్తారు, నేను దిగే కాలు చూస్తాను. దిగిన మరుక్షణం తర్వాతి అడుగు పడిపోవాలి మరి.

ఎక్కడ చేయాలంటారా? ఆర్కే బీచ్ ఇసుక మెత్తన, కొత్తవాళ్లకు పరవాలేదు. కానీ కాలి ఊపును ఇసుకే మింగేస్తుంది. బీచ్ రోడ్డు సిమెంటు బాట వద్దే వద్దు. పచ్చిక ఉన్న గ్రౌండ్ మేలు. కండరం తొందరగానే గట్టిపడుతుంది, దాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువుకు ఇంకా చాలాకాలం పడుతుంది. అందుకే తొందర వద్దంటాను. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడగండి.

మిగతావాళ్లు బూట్లు వేసుకుని, మెట్లలో అట్టడుగు మెట్టు మీంచి ఒకసారి కిందికి దూకి చూడండి. ఇరుగుపొరుగువాళ్లు ‘ఏమిటా చప్పుడు’ అంటూ తలుపు తీశారా, బాక్స్ జోలికి ఇంకో నెల వెళ్లకండి. సెలవు.