పెల్విక్ ఫ్లోర్ కండరాలు: బిగించడం ఎంత ముఖ్యమో వదలడం అంతే ముఖ్యం
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందుగా ఒక చిన్న పని చేద్దాం, మాటలు తర్వాత. కుర్చీలో కాస్త ముందుకు జరిగి, నడుము నిటారుగా పెట్టి, రెండు పాదాలూ నేలకు ఆనించండి. నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ వచ్చేలా ఉంటే ఎలా ఆపుకుంటారో అలా మలద్వారాన్ని బిగించి, లోపలికి, పైకి లాగండి. ఒకటి, రెండు, మూడు. ఇక వదిలేయండి.

కొందరు కుర్చీలోంచి ఒక అంగుళం పైకి లేచారు. చాలామంది ఊపిరి బిగబట్టారు. ఒకరిద్దరి కనుబొమలు కూడా ముడిపడ్డాయి. ఈ కండరం సరిగ్గా పనిచేస్తే పక్కన కూర్చున్నవాళ్లకు ఏమీ తెలియకూడదు. పైకి లేచారంటే బిగిసింది పిరుదులన్నమాట. ఊపిరి బిగబట్టారంటే పొట్టలో ఒత్తిడి పెరిగి, పైకి వెళ్లాల్సిన కండరాన్ని కిందికి నెట్టింది. ఈ రోజు చెప్పదలచుకున్నది ప్రధానంగా దీని గురించే. కెగెల్ అనే ఈ వ్యాయామం పేరు చాలామంది విన్నారు, రోజుకు ఎన్నిసార్లు చేయాలో కూడా కొందరికి తెలుసు. తాము చేస్తున్నది అదేనా కాదా అన్నది మాత్రం కొద్దిమందే సరిచూసుకుంటారు.

పొత్తికడుపు కింద, ముందువైపు చేతికి గట్టిగా తగిలే ఎముక ఒకటుంది. వెనక వెన్నెముక చివర తోకఎముక ఉంది. ఈ రెంటి మధ్యా, పక్కల తుంటి ఎముకలదాకా, గుడ్డ ఊయల కట్టినట్టు పరుచుకుని ఉన్న కండరాలనే పెల్విక్ ఫ్లోర్ అంటున్నాం. మూత్రాశయం, పురీషనాళం, స్త్రీలలో గర్భసంచి వీటిమీదే ఆనుకుని ఉంటాయి. మూత్రనాళం, మలద్వారం, స్త్రీలలో యోని వీటి గుండానే బయటికి వస్తాయి. అంటే మోయడం, మూయడం, అవసరమైనప్పుడు తెరవడం, మూడూ ఈ కండరాల పనే. ఆ మూడో పనిని అందరూ మరచిపోతారు.

ఈ వ్యాయామానికి పేరు తెచ్చింది ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ స్త్రీవ్యాధి నిపుణుడు. ప్రసవం తర్వాత మూత్రం జారిపోతున్న స్త్రీల గురించి ఆయన 1948లో రాశారు. ఆయన నోటిమాటగా చెప్పి పంపించేయలేదు. బిగింపు ఎంత ఉందో కొలిచే పరికరాన్ని యోనిలో పెట్టి, అంకె కళ్లముందు కనిపిస్తుండగా చేయించారు. కాలక్రమంలో పరికరం పక్కకు పోయి పేరు మాత్రం మిగిలింది. దాని ఫలితం 1991లో వచ్చిన ఒక అమెరికన్ పరిశోధనలో కనబడింది. 47 మంది స్త్రీలకు నోటితో క్లుప్తంగా చెప్పి చేయమంటే, సరిగ్గా చేసింది దాదాపు సగం మంది. నాలుగోవంతు మంది చేసిన తీరు మూత్రం జారడాన్ని ఇంకా పెంచేలా ఉంది. పైకి లాగమంటే వాళ్లు కిందికి ముక్కారు.

కాబట్టి సరిచూసుకోవడం ఎలాగో ముందు చెబుతాను. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. ఒక చెయ్యి బొడ్డు కింద పెట్టుకోండి. ఊపిరి వదులుతూ మలద్వారం దగ్గర మొదలుపెట్టి ముందుకు, ఆపైన పైకి లాగండి. స్త్రీలైతే మలద్వారాన్నీ, యోనినీ, మూత్రం వచ్చేచోటునూ కలిపి లోపలికి తీసుకుంటున్నట్టు అనుకోవాలి. పురుషులకు మలద్వారం ఒక్కటే చెబితే సరిపోదు. అంగాన్ని మొదలువైపు లోపలికి లాక్కుంటున్నట్టు, వృషణాలను కాస్త పైకి ఎత్తుతున్నట్టు అనుకుంటే మూత్రనాళం చుట్టూ ఉన్న కండరం బాగా అందుకుంటుంది. చేతికింద పొట్ట లోపలికి కొద్దిగా తగ్గినట్టు అనిపిస్తే ఫరవాలేదు. పొట్ట ఉబ్బి చేతిని తోసిందంటే ముక్కుతున్నారని అర్థం, వెంటనే ఆపాలి.

ఇంకా అనుమానముంటే అద్దం పెట్టుకుని చూడండి. మలద్వారానికీ జననేంద్రియానికీ మధ్యనున్న చోటు లోపలికి, పైకి వెళ్లాలి. పురుషులకైతే అంగం మొదలు కాస్త లోపలికి పోయి, వృషణాలు లేస్తాయి. స్త్రీలు శుభ్రమైన వేలిని యోనిలో పెట్టుకుంటే వేలి చుట్టూ పట్టు, పైకి లాగినట్టు తెలుస్తుంది. వేలు బయటికి తోసుకువస్తే చేస్తున్నది తలకిందులుగా ఉందన్నమాట.

మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయమని ఎవరైనా చెబితే వినకండి. కండరం ఎక్కడుందో తెలుసుకోవడానికి ఎప్పుడో ఒకసారి చేస్తే చేయవచ్చు. రోజూ అలా చేస్తే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకపోవచ్చు. మిగిలిన మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చే అవకాశం పెరుగుతుంది.

ఇక లెక్క. ఈ కండరాల్లో రెండు రకాల పోగులున్నాయి. ఎక్కువ భాగం నెమ్మదిగా, ఎక్కువసేపు పనిచేసేవి. రోజంతా అవయవాలను మోసేది అవే. మిగిలినవి ఠక్కున బిగిసేవి, దగ్గు తుమ్ముల వేళ పనికొచ్చేవి. అందుకే సాధన రెండు రకాలుగా ఉండాలి. ముందు నిదానంగా బిగించి, మీకు ఎన్ని సెకన్లు పట్టు నిలుస్తుందో చూడండి. మూడు సెకన్లకే జారిపోతే మూడుతోనే మొదలుపెట్టండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. మూడు సెకన్లు బిగించి, కనీసం మూడు సెకన్లు, కుదిరితే ఆరు సెకన్లు పూర్తిగా వదలాలి. అలా 8 నుంచి 12 సార్లు. ఆ తర్వాత చకచకా ఒక సెకను బిగింపు, ఒక సెకను వదలడం, ఓ పదిసార్లు. ఇదంతా కలిపి ఒక విడత. రోజుకు మూడు విడతలు. వారానికి ఒకటి రెండు సెకన్లు పెంచుకుంటూ పది సెకన్ల దాకా వెళ్లవచ్చు. మొదట పడుకుని, పట్టు దొరికాక కూర్చుని, చివరికి నిలబడి చేయాలి. మూత్రం జారేది నిలబడి దగ్గినప్పుడే కదా, పడుకుని మాత్రమే బలంగా ఉంటే ఏం లాభం?

ఏడో బిగింపు దగ్గర తొడలు, పిరుదులు సాయానికి వస్తున్నాయంటే ఆ విడత ఆరుతో ముగిసినట్టే. పన్నెండు పూర్తిచేయాలన్న పంతం ఇక్కడ పనికిరాదు. రోజుకు మూడొందలసార్లు చేసేవాళ్లున్నారు. వాళ్లలో కొందరికి చివరికి వచ్చేది నొప్పి.

వదలడం గురించి కొంచెం ఎక్కువ మాట్లాడతాను. ప్రతి బిగింపు తర్వాతా కండరం మొదట ఉన్న చోటికి పూర్తిగా దిగిందని మీకు తెలియాలి. దిగకముందే మళ్లీ బిగిస్తే, సగం బిగిసిన కండరం మీద ఇంకొంచెం బిగింపు వేస్తున్నారు, అంతే. ముక్కుతో గాలి పీల్చినప్పుడు పొట్ట, పక్కటెముకలు విచ్చుకుంటాయి, ఉదరవితానం, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండరపు పొర, కిందికి దిగుతుంది, దాంతోపాటే పెల్విక్ ఫ్లోర్ కూడా కాస్త దిగుతుంది. గాలి వదిలినప్పుడు రెండూ పైకి వస్తాయి. కాబట్టి బిగింపును ఊపిరి వదిలేటప్పుడు, సడలింపును పీల్చేటప్పుడు పెట్టుకుంటే శరీరం తీరుకు తగినట్టుంటుంది.

కొందరికి ఈ కండరం బలహీనంగా ఉండదు, ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది. మూత్రం మొదలవడానికి చాలాసేపు పట్టడం, ధార ఆగి ఆగి రావడం, మలవిసర్జన ఎంతకీ పూర్తికానట్టు అనిపించడం, కలయికలో నొప్పి, స్ఖలనం తర్వాత నొప్పి, తోకఎముక దగ్గర సలుపు, ఇవి దాని గుర్తులు కావచ్చు. ఇలాంటివాళ్లు బిగించే వ్యాయామం చేస్తే బాధ పెరుగుతుంది. వాళ్లు మొదట చేయాల్సింది సడలింపు. వెల్లకిలా పడుకుని, మోకాళ్ల కింద దిండ్లు పెట్టుకుని, నాలుగు సెకన్లు గాలి పీల్చి, ఆరు సెకన్లు వదులుతూ, ఐదు నిమిషాలు. పీల్చినప్పుడు కింది భాగం మెత్తబడి విచ్చుకోవడాన్ని గమనించాలి, బలవంతంగా తోయకూడదు. బిగుతు బాగా ఎక్కువైతే లోపలి కండరాలను చేత్తో వదులు చేసే ఫిజియోథెరపీ ఉంది. యోని బిగుసుకుపోయి కలయికే సాధ్యం కానివాళ్లకు చిన్న సైజునుంచి పెద్ద సైజుకు క్రమంగా వెళ్లే డైలేటర్లు, అంటే యోనిలో పెట్టుకుని మెల్లగా వదులు చేసుకునే సాధనాలు, ఉన్నాయి. “కొన్నాళ్లకు అదే అలవాటవుతుందిలే” అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. నొప్పి అలవాటు కాదు. నొప్పికి భయపడి కండరం మరింత బిగుస్తుంది, దాంతో నొప్పి మరింత పెరుగుతుంది.

లైంగిక జీవితానికి దీనితో ఉన్న సంబంధాన్ని గుసగుసగా చెప్పుకోవాల్సిన పనిలేదు. భావప్రాప్తి సమయంలో స్త్రీపురుషులిద్దరిలోనూ ఈ కండరాలే లయబద్ధంగా, మొదట్లో దాదాపు 0.8 సెకన్లకు ఒకసారి చొప్పున బిగిసి వదులుతాయి. బిగింపులో బలం, వదలడంలో సడలింపు రెండూ ఉంటే ఆ అనుభూతి స్పష్టంగా ఉంటుంది. కలయికలో స్త్రీకి పట్టు ఎంత అవసరమో, ప్రవేశ సమయంలో వదులుగా ఉండగలగడం అంతకన్నా ఎక్కువ అవసరం. ‘బిగుతు’ కోసమే కెగెల్ చేయమని ప్రచారం చేసేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

పురుషులలో అంగం మొదట్లో ఉన్న కండరాలు బిగిసి లోపలి రక్తపు ఒత్తిడిని పెంచుతాయి, రక్తం వెనక్కి పోకుండా సాయపడతాయి, స్ఖలనంలో వీర్యాన్ని బయటికి పంపేదీ అవే. అంగస్తంభన సమస్య ఉన్న 55 మంది పురుషులతో ఈ వ్యాయామం చేయించి చూసిన, 2005లో వెలువడిన ఒక బ్రిటన్ పరిశోధనలో, ఆరు నెలలకు 40 శాతం మందికి స్తంభన మామూలు స్థితికి వచ్చింది. ఇంకో మూడోవంతు మందికి మెరుగైంది. దాదాపు పావువంతుకు ఫలితం లేదు. ఆ పావువంతునూ గుర్తుపెట్టుకోండి. మధుమేహం, రక్తపోటు, పొగతాగడం వల్ల రక్తనాళాలు దెబ్బతిన్నచోట కండరం ఒక్కటే ఏమీ చేయలేదు. పైగా అంగస్తంభన తగ్గడం కొన్నిసార్లు గుండె జబ్బుకు ముందస్తు సూచన, కాబట్టి వైద్య పరీక్ష మానేసి వ్యాయామంతో సరిపెట్టుకోకూడదు. శీఘ్రస్ఖలనానికీ ఈ సాధన కొందరికి ఉపయోగపడుతుంది. అక్కడ కూడా ఉద్వేగం పెరుగుతున్నప్పుడు కండరాన్ని వదలడం నేర్చుకోవాలి. ప్రోస్టేట్ ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్లు ఆపరేషన్‌కు ముందే నేర్చుకుంటే మంచిది. తర్వాత, మూత్రం గొట్టం తీసేదాకా చేయకూడదు.

సాధన చేసిన బలాన్ని రోజువారీ పనిలో వాడాలి. దగ్గు, తుమ్ము వస్తుందని తెలియగానే, బరువు ఎత్తే ముందు, ఒక్క క్షణం బిగించి పట్టండి. ఇది కొద్ది రోజుల్లో అలవాటవుతుంది, కండరం బలపడకముందే తేడా చూపిస్తుంది. ఉన్నట్టుండి మూత్రం ఆగనంతగా వస్తే బాత్రూంకు పరిగెత్తకండి. ఆగి, నిలబడి, ఐదారుసార్లు చకచకా బిగించి వదిలితే ఆ ఒత్తిడి తగ్గుతుంది, అప్పుడు మామూలుగా నడిచి వెళ్లండి. బయటికి వెళ్లే ప్రతిసారీ ‘ఎందుకైనా మంచిద’ని మూత్రానికి వెళ్లే అలవాటు మూత్రాశయానికి కొంచెం నిండగానే కబురు పంపడం నేర్పుతుంది. నీళ్లు తగ్గించడం కూడా తప్పే, చిక్కబడిన మూత్రం మూత్రాశయాన్ని మరింత రేపుతుంది. కాఫీ, టీ తగ్గిస్తే కొందరికి తేడా తెలుస్తుంది.

మలబద్ధకాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఉదయం ముక్కినదంతా ఆ రోజు చేసిన సాధనకు ఎదురు పనిచేస్తుంది. కమోడ్ మీద కూర్చున్నప్పుడు పాదాల కింద చిన్న పీట వేసుకుని, మోకాళ్లు తుంటి కంటే ఎత్తులో ఉండేలా, మోచేతులు తొడలకు ఆనించి ముందుకు వంగండి. నోరు వదులుగా పెట్టి ఊపిరి వదలండి.

ప్రసవమైన స్త్రీలు నొప్పి లేకుంటే తొలిరోజుల్లోనే మెల్లగా మొదలుపెట్టవచ్చు. మలద్వారం దాకా చీలిక పడి కుట్లు వేసినవాళ్లు డాక్టర్ని అడిగే చేయాలి. నెలసరి ఆగిపోయాక యోని పొడిబారి మంట ఉంటే వ్యాయామం ఒక్కటే చాలదు, యోనిలో వాడే ఈస్ట్రోజన్ గురించి డాక్టర్‌తో మాట్లాడండి. కింద ఏదో జారి బయటికి వస్తున్నట్టుంటే గర్భసంచి జారడం కావచ్చు. తొలిదశలో వ్యాయామం, ఆపైన యోనిలో పెట్టి అవయవాలను పైకి నిలిపే పెసరీ రింగు, అవసరమైతే ఆపరేషన్. మూత్రంలో రక్తం కనిపిస్తే ఆలస్యం చేయవద్దు. తొడల మధ్య, మలద్వారం చుట్టూ ఉన్నట్టుండి తిమ్మిరెక్కి, మలమూత్రాల పట్టు తప్పితే అది వెన్నులో నరాలు నొక్కుకుపోయిన సూచన కావచ్చు, అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి.

ఈ కండరం త్వరగా ఫలితం చూపించదు, సరిగ్గా చేస్తే కనీసం మూడు నెలలు పడుతుంది. మూడు నెలలయ్యాక కూడా తేడా లేకపోతే సంఖ్య పెంచకండి, పెల్విక్ ఫ్లోర్‌లో శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్లండి. వేలితో లోపల పరీక్షించి, బలాన్ని సున్నా నుంచి ఐదు దాకా అంచనా వేస్తారు, సడలింపు కూడా చూస్తారు. పరీక్షను మధ్యలో ఆపమనే హక్కు, తోడుగా ఒకరిని ఉంచుకునే హక్కు మీకున్నాయి. వెళ్లేముందు మూడు రోజులపాటు ఏ టైముకు ఎంత తాగారో, ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లారో, కొలగిన్నెతో కొలిచి ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో, ఏం చేస్తుండగా జారిందో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. చికిత్స ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్లకు ఆ కాగితంలోనే సగం తెలిసిపోతుంది.

ఇక ప్రశ్నలు అడగండి. పైకి అడగడానికి ఇబ్బందిగా ఉంటే చీటీ మీద రాసి పంపండి, పేరు రాయనక్కర్లేదు.