పన్ను కాగితంలో పైగడులు

శ్రోతలకు నమస్కారం. ఇంటిపన్ను నోటీసు చేతికి రాగానే మన చూపు చివర ఉన్న మొత్తం మీదకే పోతుంది. తప్పు దొర్లితే మాత్రం అది పైగడుల్లోనే ఉంటుంది. ఆ గడుల్లోని మాటలేమిటో ఇవాళ చూద్దాం. ఇది నెల్లూరు, ఒంగోలు, కావలి లాంటి పట్టణాల సంగతి. పంచాయతీ ఇంటిపన్ను లెక్క వేరు.

మొదట కనిపించేది అసెస్‌మెంట్ నంబరు. డోర్ నంబరుతో దీనికి సంబంధం లేదు. పన్ను జమయ్యేది, బాకీ పేరుకునేది ఈ నంబరు మీదే. ఆన్‌లైన్‌లో కట్టేటప్పుడు ఒక్క అంకె తప్పితే పక్కింటివాళ్ల బాకీ తీరి, మనది అలాగే మిగులుతుంది. తెరమీద యజమాని పేరు సరిచూసుకున్నాకే డబ్బు కట్టండి.

తర్వాతది మూలధన విలువ. పూర్వం ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తుందని అంచనా కట్టి పన్ను వేసేవారు. 2021 ఏప్రిల్ 1 నుంచి స్థలం విలువ, కట్టడం విలువ కలిపి చూస్తున్నారు. స్థలం విలువంటే బ్రోకర్ చెప్పే రేటు కాదు, రిజిస్ట్రేషన్ శాఖ లెక్కలో ఉన్న మార్కెట్ విలువ.

ఇక్కడే నెల్లూరు వాళ్లకు ఒక చిక్కుంది. దస్తావేజులో అంకణాలుంటాయి, ఆఫీసు లెక్క గజాల్లో ఉంటుంది. మన అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. తిరుపతి వైపు అంకణమంటే 36 అడుగులే. కాబట్టి అటు స్థలం కొన్నవాళ్లు మన లెక్క వేయకూడదు. 20 అంకణాల స్థలమైతే నోటీసులో 160 గజాలు ఉండాలి.

ఇక ప్లింత్ ఏరియా. గదుల లోపలి కొలతలు కూడితే ఇది రాదు. బయటి గోడ అంచు నుంచి అంచుకు టేపు పట్టాలి. ఒకరు టేపు చివర పట్టుకుంటే పది నిమిషాల పని. 30 అడుగుల వెడల్పు, 33 అడుగుల పొడవు వస్తే 990 చదరపు అడుగులు. నోటీసులో చదరపు మీటర్లుంటే 10.76తో భాగించండి, 92 వస్తుంది. అక్కడ 112 అని ఉందంటే అడగాల్సిందే.

నివాసాలకు మూలధన విలువలో 0.10 నుంచి 0.50 శాతం వరకు, నివాసేతర కట్టడాలకు 0.20 నుంచి 2 శాతం వరకు పన్ను వేయవచ్చు. ఆ మధ్యలో రేటు ఎంతన్నది ఊరికో తీరుగా ఉంటుంది. లెక్క కోసం విలువ 26 లక్షలు, రేటు 0.15 శాతం అనుకుందాం. పన్ను 3,900 రూపాయలు. పాత పన్ను 2,400 అయితే ఒక్కసారిగా అంత వేయరు. ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదన్న నియమం ఉంది. మొదటి ఏడు 2,760, మరుసటి ఏడు 3,174, అలా ఎక్కుతూ 3,900 దగ్గర ఆగుతుంది. 375 చదరపు అడుగులు మించని ఇంట్లో యజమానే కాపురముంటే ఏడాదికి 50 రూపాయలే.

వాడకం అనే గడిని చాలామంది వదిలేస్తారు. ముందుగదిలో నడిపిన కిరాణా కొట్టు మూసేసి నాలుగేళ్లయినా రికార్డులో అది నివాసేతరంగానే ఉండిపోతుంది. అడగనిదే ఎవరూ మార్చరు.

పన్ను ఆరు నెలలకోసారి. మొదటి అర్ధసంవత్సరానిది జూన్ 30లోగా, రెండోది డిసెంబరు 31లోగా కట్టాలి. దాటితే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. బ్యాంకు అప్పు వడ్డీ కూడా ఇంత ఉండదు!

అన్నిటికన్నా ఎక్కువగా నష్టపరిచేది ఖాళీ స్థలం పన్ను. స్థలానికి ఒక అసెస్‌మెంట్ ఉంటుంది. ఇల్లు కట్టాక ఇంటికి కొత్తది ఇస్తారు. పాతది రద్దు చేయించుకోకపోతే అదే నేలకు రెండు బాకీలు పెరుగుతుంటాయి. అమ్మబోయే రోజుదాకా ఆ సంగతే తెలియదు. వార్డు సచివాలయంలో ఇచ్చే అర్జీలో రెండు అసెస్‌మెంట్ నంబర్లూ రాయండి. దస్తావేజు, ప్లాను, ఇంటిపన్ను రసీదుల నకళ్లు జతచేసి, అర్జీ అందినట్టు రసీదు తీసుకోండి.