1966 మస్టాంగ్ కన్వర్టిబుల్: ఫ్లోర్ మొత్తం మార్చాక నా రివ్యూ

అందరికీ నమస్కారమండి. ఈ వీడియోలో 1965, 66 ఫోర్డ్ మస్టాంగ్ కన్వర్టిబుల్‌కి దొరికే వన్-పీస్ ఫ్లోర్ ప్యాన్, అంటే కారు నేల రేకు గురించి మాట్లాడుకుందాం. ఇంజన్‌కి, లోపలికి మధ్య ఉండే గోడ ఫైర్‌వాల్ దగ్గర మొదలై, మధ్యలో గేర్‌బాక్స్ మీద ఉబ్బెత్తుగా ఉండే ట్రాన్స్‌మిషన్ టన్నెల్‌తో సహా, వెనక సీటు దాకా ఒకే రేకుగా వస్తుంది ఇది. నా 66 కారుకి ఇదే వేశాం. దాంతోపాటు రాకర్ ప్యానెళ్ళు (డోర్ల కింద పొడుగునా ఉండే పెట్టెలాంటి భాగాలు), టార్క్ బాక్సులు (రాకర్లని బాడీ ముందు భాగం కింది దూలాలకి కలిపే పెట్టెలు) కూడా మార్చాం. కాబట్టి ప్యాన్ ఎలా ఉందో చెప్తాను, పని ఎలా జరిగిందో కూడా చెప్తాను.

తీర్పు ముందే చెప్పేస్తాను. ప్యాన్ మంచిదే, కొనొచ్చు. కానీ మీ కారు రాకర్లు బాగున్నాయో లేదో తేల్చుకోకుండా మాత్రం ఆర్డర్ పెట్టకండి. కన్వర్టిబుల్‌లో అసలు బలమంతా అక్కడే ఉంది.

ఎందుకంటారా? మస్టాంగ్‌కి కింద వేరుగా ఛాసిస్ ఫ్రేమ్ ఉండదు. బాడీ, ఫ్లోర్, రాకర్లు అన్నీ కలిపి వెల్డ్ చేస్తేనే కారు. కూపేలో, అంటే గట్టి పైకప్పు ఉండే కారులో, ఆ కప్పు కూడా కొంత బరువు మోస్తుంది. కన్వర్టిబుల్‌లో ఆ కప్పు లేదు. మూత తీసేసిన అట్టపెట్టెని రెండు మూలలు పట్టుకుని తిప్పితే ఎలా మెలికపడుతుందో, ఈ బాడీ కూడా అలాగే మెలికపడాలని చూస్తుంది. అది ఫోర్డ్ ఇంజనీర్లకి తెలుసు. అందుకే కన్వర్టిబుల్ లోపలి రాకర్లకి మందపాటి రేకు వాడారు. టార్క్ బాక్సులు రెండు వైపులా పెట్టారు. ముందు సీట్ల కింద, ఫ్లోర్ అడుగున, ఈ రాకర్ నుంచి ఆ రాకర్ దాకా అడ్డంగా ఒక బలమైన ప్లేటు వేశారు. ఇప్పుడు కెమెరా కిందకి తిప్పుతున్నాను, చూడండి, ఇదే ఆ ప్లేటు. కూపేకి ఇది ఉండదు.

ఈ ప్లేటు ఇంకో రకంగా కూడా పనికొస్తుంది. కూపే పైకప్పు కోసేసి కన్వర్టిబుల్ అని అమ్మే కార్లు మార్కెట్లో ఉన్నాయి. కొనేముందు కారు కింద పడుకుని ఈ ప్లేటు ఉందో లేదో చూడండి. తర్వాత విన్ నంబరు, అంటే కారు గుర్తింపు నంబరు చూడండి. 1966 కారుకి మొదటి అంకె 6. దాని పక్క అక్షరం ఫ్యాక్టరీది: ఎఫ్ అంటే డియర్‌బార్న్, ఆర్ అంటే శాన్ హోజే, టి అంటే మెటచెన్. ఆ తర్వాత 08 ఉంటేనే కన్వర్టిబుల్. 07 ఉంటే హార్డ్‌టాప్, అంటే కూపే; 09 ఉంటే ఫాస్ట్‌బ్యాక్, అంటే కప్పు వెనకదాకా వాలుగా దిగేది. డోర్ మీద ఉండే వివరాల ప్లేటులో బాడీ కోడ్ 76తో మొదలవ్వాలి.

నా కారు ఫ్యాక్టరీ కోడ్ టి. న్యూజెర్సీలో ఉండే మనవాళ్ళకి ఈ మాట చెప్పడం నాకు చాలా ఇష్టం. మెటచెన్ ప్లాంట్ అని పిలిచినా, అది నిజానికి ఉన్నది ఎడిసన్‌లో, రూట్ 1 మీద. 2004లో మూసేశారు. ఓక్ ట్రీ రోడ్డుకి కూరగాయలకి వెళ్ళే మనలో చాలామందికి, ఈ కార్లు తయారైన చోటు అంత దగ్గర్లో ఉందని తెలియదు. ఇక్కడే పుట్టిన కారుని ఇక్కడే మళ్ళీ నిలబెడుతున్నామంటే నాకు నిజంగా గర్వంగా ఉంది.

కామెంట్లలో ఒక మాట తరచూ వస్తుంది, మస్టాంగ్ మజిల్ కారు (పెద్ద ఇంజన్ పెట్టిన మధ్య సైజు కారు) కాదు, పోనీ కారు (చిన్న స్పోర్టీ కారు) అని. పాంటియాక్ జీటీవోనే మజిల్ కారు అనేవాళ్ళ వాదన నాకు అర్థమవుతుంది. నా కారులో ఉన్నది 289 క్యూబిక్ అంగుళాల వీ8, ఇంజన్ కోడ్ సి, 200 హార్స్‌పవర్. అదే 289లో కె కోడ్ 271 ఇచ్చేది. పేరు ఏదైనా పెట్టుకోండి, తుప్పు మాత్రం రెండింటికీ ఒకేలా పడుతుంది.

ఆ తుప్పు సంగతికి వద్దాం. ఫ్లోర్‌కి కిందనుంచి రోడ్డు మీది ఉప్పు తగులుతుంది, అది అందరికీ తెలుసు. కానీ ఈ మోడల్ ఫ్లోర్లు ఎక్కువగా పైనుంచి పోతాయి. విండ్‌షీల్డ్ కింద జాలీ ఉంది కదా, దాని కింద ఉన్న పెట్టెలాంటి భాగాన్ని కౌల్ అంటారు. వాన నీళ్ళు అందులోకి దిగి, రెండు పక్కలనుంచి బయటికి పోవాలి. లోపల గాలి వచ్చే రెండు రంధ్రాల చుట్టూ రేకు గోడ లేపి ఉంటుంది. ఆకులు, మట్టి చేరి ఆ గోడ మొదట్లో తడి నిలుస్తుంది, రేకు తినేస్తుంది. ఇక వాన పడ్డప్పుడల్లా నీళ్ళు డాష్‌బోర్డు కిందనుంచి కార్పెట్‌లోకి దిగుతాయి. కార్పెట్ కింద ఉన్న మెత్తటి ప్యాడింగ్ ఆ నీళ్ళు పీల్చుకుని వదలదు. పైన కార్పెట్ ముట్టుకుంటే పొడిగా ఉంటుంది, కింద రేకు నానుతూ ఉంటుంది. కన్వర్టిబుల్ కాబట్టి టాప్ సీళ్ళనుంచి కారే నీళ్ళు దీనికి అదనం.

అందుకని కౌల్ చూడకుండా ఫ్లోర్ మార్చొద్దు. పరీక్ష తేలిక. ఒకళ్ళు పైనుంచి జాలీలోకి పైపుతో నీళ్ళు పోయాలి, ఇంకొకళ్ళు డాష్ కింద లైటు పెట్టి చూడాలి. చుక్క పడినా కౌల్ పని ముందు చేయించాల్సిందే. అది విప్పాలంటే వందకి పైగా స్పాట్ వెల్డులు (రేకుల్ని చుక్కలుగా అతికిన చోట్లు) డ్రిల్ చేయాలి, విసుగు పుట్టే పని. అయినా తప్పదు.

రెండో పరీక్ష రాకర్లకి. డోర్ మూసి, ముందు చక్రానికి కాస్త వెనక జాకీ పెట్టి నెమ్మదిగా లేపండి. డోర్ చుట్టూ ఉన్న సందు చూస్తూ ఉండండి. వెనక పైమూల దగ్గర సందు మారిపోతున్నా, డోర్ తెరవడం బిగుసుకుపోయినా, రాకర్‌లో బలం పోయినట్టే. జాకీ పెట్టిన చోట రేకే లోపలికి నొక్కుకుపోతే ఇంకే పరీక్షా అక్కర్లేదు. నా కారులో పాత ఓనరు చిల్లులమీద ఫైబర్‌గ్లాస్ గుడ్డ అతికించి, పైన నల్లటి తారు పూసేశాడు. పైన మాత్రం ఎర్ర రంగు అద్దంలా మెరుస్తోంది. మెరిసే రంగు చూసి కన్వర్టిబుల్ కొనకండని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

ఇప్పుడు అసలు పని. కోయడానికి ముందు చేయాల్సింది బ్రేసింగ్, అంటే బాడీ వంగకుండా తాత్కాలికంగా ట్యూబులు వేయడం. డోర్ ఖాళీలో ముందు హింజ్ పిల్లర్ నుంచి వెనక లాక్ పిల్లర్ దాకా చతురస్రపు స్టీల్ ట్యూబు వెల్డ్ చేశాం. ట్యూబుని లోపలి వైపుకి పెట్టాం, ఎందుకంటే డోర్ బిగించి మూసి చూడ్డానికి వీలుండాలి. రెండు పక్కల్ని కలిపే అడ్డ ట్యూబుని మాత్రం బోల్టులతో బిగించాం. ప్యాన్ పైనుంచి దింపేటప్పుడు అది తీయాలి కదా. చాలామంది దాన్నీ వెల్డ్ చేసేసి, తర్వాత ప్యాన్ లోపలికి పట్టక మళ్ళీ కోస్తారు. ట్యూబు వేసే ముందు కారుని లెవెల్‌గా నిలబెట్టి, డోర్ సందులు సరిచూసి, మూలనుంచి మూలకి టేపుతో కొలిచి రాసిపెట్టుకోండి. వంగిన బాడీకి బ్రేసులు వేస్తే ఆ వంకర అలాగే ఉండిపోతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ మస్టాంగుల్లో పెట్రోలు ట్యాంకు పైభాగమే ట్రంకు ఫ్లోర్. నిప్పురవ్వలు లేచే పని కాబట్టి ట్యాంకు దింపేసి, దూరంగా పెట్టి, అప్పుడే గ్రైండర్ ముట్టుకోండి. బ్యాటరీ తీయండి, ఇంధనం లైను తీయండి. అగ్నిమాపక సిలిండర్ చేతికి అందేలా ఉండాలి.

వరస ఇలా పెట్టుకున్నాం. ఒక పక్క రాకర్, టార్క్ బాక్సు పూర్తిగా అయ్యాకే రెండో పక్క ముట్టుకున్నాం. రెండు రాకర్లూ నిలబడ్డాక ఫ్లోర్. కొత్త రాకర్‌ని ముందు క్లాంపులతో, స్క్రూలతో పట్టించి, డోర్ బిగించి మూసి, సందు పైనుంచి కిందదాకా ఒకేలా వచ్చాకే వెల్డ్ చేశాం. ఈ పనిలో ఎక్కువ సమయం తినేది ఇదే. వెల్డింగ్ త్వరగా అయిపోతుంది, డోర్ సరిపెట్టుకోవడమే ఆలస్యం.

ఇక ప్యాన్ గురించి. నేను తీసుకున్నది 18 గేజ్, అంటే దాదాపు 1.2 మిల్లీమీటర్లు. 20 గేజ్ అయితే 0.9 దగ్గర ఉంటుంది. గేజ్ అంకె తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుంది, ఆర్డర్ చేసేటప్పుడు తికమక పడకండి. రేకుమీద ఉబ్బెత్తు గీతలు, నీళ్ళు పోయే ప్లగ్ రంధ్రాలు పాత ఫ్లోర్‌లాగే ఉన్నాయి. టన్నెల్ వంపు బాగా కుదిరింది. కుదరనిది ఫైర్‌వాల్ దగ్గరి అంచు. అక్కడ కుడివైపు రేకు సరిగ్గా ఆనలేదు, సుత్తితో, వెనక ఆనించే ఇనుప దిమ్మ (డాలీ)తో మలచాల్సి వచ్చింది. సీట్ బెల్టు రంధ్రాలు కూడా కొలిచి చూసుకోండి. సీట్ ప్లాట్‌ఫారాలు దీంతో రావు. కన్వర్టిబుల్‌కి అవి వేరే పార్టు, కూపేవి తెప్పించుకోకండి.

పైనుంచి దింపడం మాత్రం కన్వర్టిబుల్‌లో సుఖం. కప్పు లేదు కాబట్టి ఇద్దరు మనుషులు చెరో పక్క పట్టుకుని నేరుగా కిందకి దించేయొచ్చు. కూపే చేసేవాళ్ళకి ఆ వీలుండదు.

వెల్డింగ్ మిగ్ మెషిన్‌తో, 0.6 మిల్లీమీటర్ల తీగ, 75 శాతం ఆర్గాన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ గ్యాస్. ఫ్యాక్టరీలో స్పాట్ వెల్డు ఉన్నచోటల్లా కొత్త రేకుకి 8 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, ఆ రంధ్రాన్ని నింపాం. పొడుగ్గా ఒకే గీతలాగా వెల్డ్ లాగకండి, వేడికి రేకు అలలు తేలుతుంది. ఇక్కడ ఒకటి, అక్కడ ఒకటి, చల్లారనిస్తూ పోవాలి. రేకులు కలిసే చోట ముందే జింక్ ప్రైమర్ కొట్టండి, ఎందుకంటే వెల్డ్ అయ్యాక ఆ మధ్యలోకి బ్రష్ పోదు. జింక్ కాలితే వచ్చే పొగ పీలిస్తే జ్వరం వస్తుంది, సరైన మాస్కు పెట్టుకోండి, తలుపులు తెరిచి ఉంచండి. బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన రేకుని వెల్డ్ చేయకండి. కొన్ని రకాల క్లీనర్లలో ఉండే క్లోరిన్ ఆ వేడికి విషవాయువు అవుతుంది.

ప్యాన్‌కి వచ్చే నల్ల పూత చాలనుకోకండి. దాన్ని గరుకు చేసి, పైన ఎపాక్సీ ప్రైమర్, అతుకులన్నిటికీ సీమ్ సీలర్, ఆ తర్వాత రంగు. రాకర్ లోపలికి సన్నటి పైపుతో మైనపు పూత కొట్టాం, కింద నీళ్ళు పోయే రంధ్రాలు మూసుకుపోకుండా తుడిచేశాం.

ఎవరు కొనాలి? ఫ్లోర్ ముందు భాగంలో మాత్రమే చిల్లులుండి, టన్నెల్, వెనక భాగం బాగుంటే సగం ప్యాన్‌లు చాలు, ఖర్చు తక్కువ. రెండు వైపులా పోయి, పాత అతుకులమీద అతుకులు ఉంటే ఈ వన్-పీస్ తీసుకోండి. అతుకుల కొలతలతో కుస్తీ పట్టే బాధ తప్పుతుంది. ఫ్లోర్, రాకర్లు, కౌల్, బాడీకే వెల్డ్ చేసి ఉండే కింది దూలాలు (ఫ్రేమ్ రైళ్ళు) అన్నీ పోయిన కారైతే లెక్క వేరు. 2011లో ఫోర్డ్ 1965 మస్టాంగ్ కన్వర్టిబుల్ కొత్త బాడీ షెల్‌ని 15,000 డాలర్ల ధరకి ప్రకటించింది. అలాంటి షెల్లులు ఉన్నాయని తెలుసుకుని, ఒక్కో ప్యానెల్ ధర, పని గంటలు కూడి చూసుకుని అప్పుడు నిర్ణయించుకోండి. నేను మాత్రం ఎడిసన్‌లో తయారైన పాత రేకుని వీలైనంత నిలబెట్టుకోవాలనే ఈ దారి ఎంచుకున్నాను.

బ్రేసులు తీసేశాక అదే జాకీ పరీక్ష మళ్ళీ చేశాం. డోర్ సందు కదల్లేదు. ఈ ప్యాన్‌కి, ఈ రాకర్లకి కలిపి నేను పదికి ఎనిమిది ఇస్తాను. ఆ రెండు మార్కులు తగ్గించింది ఫైర్‌వాల్ అంచుకి. మీ కారు ఏ ఫ్యాక్టరీదో, విన్‌లో రెండో అక్షరం చూసి కామెంట్‌లో రాయండి. వచ్చే వీడియోలో కౌల్ విప్పుతున్నాం.