తోలు వాసన ఎవరిది?

అందరికీ నమస్కారం. పరిమళాల్లో తోలు వాసన ఎక్కణ్నుంచి వస్తుందో ఇవాళ చూద్దాం. మీ చేతికి వాసన పట్టించిన మూడు కాగితపు పట్టీలు వచ్చాయి కదా. ముందు ఒకటో నంబరు చూద్దాం. ముక్కుకు ఆనించొద్దు, జానెడు దూరంలో పట్టుకోండి.

వెనక ఎవరో "తారు" అంటున్నారు, ఈ పక్క "కాలిన కట్టె" అంటున్నారు. ఇద్దరూ దగ్గరికే వచ్చారు. ఇది బిర్చ్ తారు. మన పాతకాలం వాళ్లు రాసుకున్న భూర్జపత్రాల చెట్టు ఉంది చూడండి, దానికి చుట్టమే ఈ బిర్చ్. దీని బెరడును గాలి చొరకుండా మూసిన పాత్రలో కాలిస్తే నల్లటి నూనెలా కారుతుంది. రష్యాలో తోళ్లను విల్లో అనే చెట్టు బెరడుతో ఊనబెట్టి, అంటే కుళ్లకుండా పదును చేసి, ఆ తర్వాత ఈ నూనె పట్టించేవాళ్లు. నీళ్లు దిగవు, పురుగు ముట్టదు. ఆ తోళ్లు ఎంత గట్టివో చూడండి. 1786లో సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి జెనోవాకు వాటిని మోసుకెళ్తున్న ఒక ఓడ ఇంగ్లండులోని ప్లిమత్ దగ్గర మునిగిపోయింది. 1973లో డైవర్లకు దొరికింది. బురదలో అన్నేళ్లు ఉన్న తోళ్లతో తర్వాత బూట్లు, సంచులు కుట్టారు!

గులాబీలను కాచి అత్తరు తీసినట్టు తోలును కాచి పరిమళం తీయలేం. పచ్చి తోలు కంపు సంగతి లంద, అంటే తోళ్లు ఊనబెట్టే చోటు, పక్కనుంచి నడిచినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ కంపు పోగొట్టడానికి వాడిన బెరడు, నూనె, పొగ, ఇవన్నీ కలిసి మనం తోలు వాసన అనుకునేది తయారైంది. మన దగ్గర ఆ పని తంగేడు చెక్క, కరక్కాయ చేశాయి. అవును, బతుకమ్మలో పేర్చే ఆ తంగేడే.

ఫ్రాన్సులో గ్రాస్ అనే ఊరు ఉంది. ఇవాళ పరిమళాలకు పేరు, ఒకప్పుడు తోళ్ల ఊరు. దొరసానుల చేతితొడుగులు కంపు కొట్టకుండా పూల వాసన పట్టించడంతో అక్కడ కథ మలుపు తిరిగింది. 1614లో పదమూడో లూయీ రాజు తొడుగులు కుట్టేవాళ్లకు పరిమళాల పనివాళ్లుగా కూడా హోదా ఇచ్చాడు. మన ఊళ్లలో తోలు పని చేసినవాళ్లకు దక్కింది ఊరి బయట ఇల్లు. ఇది పక్కదారే అయినా, ఈ విషయం మాట్లాడే ప్రతిసారీ నాకు గుర్తొస్తుంది.

రెండో పట్టీ తీయండి. పచ్చిగా, చేదుగా, కాస్త మట్టి వాసనతో ఉంది కదా? ఐసోబ్యూటైల్ క్వినొలిన్. ల్యాబులో పుట్టిన పదార్థం. మామూలుగా చిటికెడుతో సరిపెడతారు. 1944లో జెర్మైన్ సెలియే అనే ఆవిడ రాబర్ట్ పిగే సంస్థ కోసం చేసిన 'బాండీ'లో దాన్ని ధారాళంగా గుమ్మరించింది. మంచి మర్యాదల పరిమళం కాదది, నాకు మాత్రం భలే ఇష్టం. అంతకు ముందు, 1920లలో, మాస్కోలో పుట్టిన ఎర్నెస్ట్ బో, ఫ్రెంచి ఫ్యాషన్ సంస్థ షనెల్ కోసం 'క్విర్ ద రుస్సీ' చేశాడు. రష్యా తోలు అని అర్థం. రష్యా విప్లవం తర్వాత దేశం వదిలొచ్చినవాడు ఆ పేరుతో పరిమళం చేశాడంటే ఇంటి బెంగ కూడా ఉండే ఉంటుంది, ఇది నా ఊహే సుమా.

ఇప్పుడు మూడోది. మొదటి రెండూ కొంచెం కొంచెం, వాటికి లాబ్డనం, స్టైరాక్స్ అనే జిగురు బంకలు కలిపాను. ఏమనిపిస్తోంది? కొత్త చెప్పుల షాపా? కారు సీటా? సరే.

ఒక జాగ్రత్త. ముడి బిర్చ్ తారులో క్యాన్సర్ తెచ్చే పదార్థాలుంటాయి కాబట్టి పరిమళాల్లో ఇప్పుడు దాన్ని వాడకూడదు. మీకిచ్చింది శుద్ధి చేసిన రకం, టెన్షన్ పడకండి. కానీ ఒకటో నంబరు పట్టీని జేబులో వేసుకోకుండా గుమ్మం దగ్గరి బుట్టలో పడేసి వెళ్లండి. ఒకసారి నా చొక్కా మీద ఒక్క చుక్క పడితే, మా ఆవిడ తలుపు తీయకుండానే "ఎక్కడ ఇల్లు తగలబెట్టి వచ్చారు?" అని అడిగింది.