వీల్‌చెయిర్ కోసం కానుక వేశారు సరే, ఆ కుర్చీ ఆ మనిషికి సరిపోతుందా?

అందరికీ నమస్తే. పెరట్లో వేసుకునే తెల్ల ప్లాస్టిక్ కుర్చీ తెలుసు కదా, ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టుకునేది? దానికి అటూ ఇటూ మౌంటెన్ బైక్ (కొండదారుల్లో తొక్కే లావు టైర్ల సైకిల్) చక్రాలు బిగిస్తే వీల్‌చెయిర్ అవుతుంది. మాటవరసకు చెప్పడం లేదు, నిజంగానే అయింది.

అమెరికాలో డాన్ షోన్‌డార్ఫర్ అని ఒక మెకానికల్ ఇంజనీర్. 1970ల చివర్లో మొరాకో వెళ్లినప్పుడు, ఒకావిడ మట్టిరోడ్డు దాటడానికి చేతుల మీద ఒళ్లు ఈడ్చుకుంటూ పోవడం చూశారు. అది ఆయన మనసులోంచి ఏళ్ల తరబడి పోలేదు. చివరికి తన గ్యారేజీలోనే ఈ ప్లాస్టిక్ కుర్చీ బండి తయారుచేసి, 2001లో నాలుగింటిని వెంటపెట్టుకుని వచ్చారు, ఎక్కడికో కాదు, మన దేశానికే. ఆయన మొదలుపెట్టిన ఫ్రీ వీల్‌చెయిర్ మిషన్ ఇప్పటికి పది లక్షలకు పైగా కుర్చీలు ఉచితంగా ఇచ్చింది.

ఇలాంటి పనికి అమెరికాలో చర్చి సంఘాలు పెద్ద అండ. ఒక్కో కుర్చీకి ఇంత అని లెక్క ఉంటుంది కాబట్టి అడగడం సులువు: సండే స్కూల్ పిల్లలు చిల్లర డబ్బాలు నింపుతారు, పెద్దవాళ్లు ఇంత దూరం పోతే ఇంత డబ్బు ఇస్తామనే స్పాన్సర్లను పెట్టుకుని నడుస్తారు, పరుగెడతారు. ఇంకో పద్ధతి కూడా ఉంది. 1967లో నీళ్లలోకి దూకినప్పుడు మెడ విరిగి అప్పటినుంచీ చక్రాల కుర్చీలోనే ఉన్న జోనీ ఎరెక్సన్ టాడా గారి సంస్థ, జనం వాడి వదిలేసిన కుర్చీలు సేకరించి, జైళ్లలో ఖైదీల చేత బాగుచేయించి విదేశాలకు పంపుతుంది. ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం.

ఇప్పుడు అసలు సంగతి. కుర్చీ ఇస్తే పని అయిపోయినట్టు కాదు.

నడుము కింద స్పర్శ లేని మనిషిని ఊహించుకోండి. మనం కాసేపు కూర్చుంటే నొప్పి పుట్టి అటూ ఇటూ కదులుతాం, ఆయనకు ఆ నొప్పి తెలియదు. పిరుదుల కింది ఎముక గట్టి సీటుకు నొక్కుకుపోయి, అక్కడికి రక్తం అందక, ముందు చర్మం ఎర్రబడుతుంది, తర్వాత పుండు పడుతుంది, అది ఎముక దాకా పోయి ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే మంచి కుషన్ అనేది సుఖం కోసం కాదు, మందు లాంటిది. దాంతోపాటు, మధ్యమధ్యలో చేతుల మీద ఒళ్లు పైకి ఎత్తుకోవాలనో పక్కకు వంగాలనో ఆయనకు ఎవరో ఒకరు నేర్పాలి. ఫుట్‌రెస్ట్ మరీ కిందికి ఉంటే కాళ్లు వేలాడి మనిషి ముందుకు జారిపోతాడు. పెద్దవాళ్ల కుర్చీలో పసిపిల్లను కూర్చోబెడితే ఒక పక్కకు ఒరిగిపోతుంది, అలాగే పెరుగుతుంది.

ప్రపంచంలో సుమారు 8 కోట్ల మందికి వీల్‌చెయిర్ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ సంస్థే 2008లో, మళ్లీ 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కొలత చూసి ఇవ్వాలి, అమర్చాలి, వాడటం నేర్పాలి, తర్వాత కూడా వచ్చి చూడాలి అని చెప్పింది.

రిపేరు మాట కూడా మర్చిపోవద్దు. ఆస్పత్రి నున్నటి నేల కోసం చేసిన కుర్చీ ఇసుకలో దిగబడుతుంది, దాని స్పేరు పార్టు ఆ దేశంలో దొరక్కపోతే మూలన పడుతుంది. సైకిల్ టైరుకైతే సైకిళ్లు బాగుచేసేవాడు చాలు, అందుకే ఆ ప్లాస్టిక్ కుర్చీకి మౌంటెన్ బైక్ చక్రాలు పెట్టడం అంత తెలివైన పని.

కాబట్టి మీ సంఘం ఇలాంటి నిధి మొదలుపెడితే, డబ్బు పంపే ముందు ఆ సంస్థను అడగండి. అక్కడ కొలతలు తీసేది ఎవరు, కుషన్ ఇస్తారా, చక్రం ఊడితే ఎవరి దగ్గరికి పోవాలి? ఇవన్నీ చూసుకుంటే అదే డబ్బుకు వంద బదులు డెబ్భై కుర్చీలే వస్తాయంటే, నేను డెబ్భైకే ఓటేస్తాను. కుర్చీ అందుకున్న రోజు ఫొటో ఎలాగూ పంపిస్తారు. ఏడాది తర్వాత అదే మనిషి అదే కుర్చీలో ఉన్న ఫొటో అడగండి.