ఒంట్లో హెపటైటిస్ బి ఉన్నా మనిషి బాగుంటాడు, ఎలా?

అందరికీ నమస్కారం. ప్రొద్దుటూరు నుంచి ఒక చెల్లెలు అడిగిన ప్రశ్న ఇది. వాళ్లాయన రక్తదాన శిబిరంలో రక్తమిస్తే హెపటైటిస్ బి పాజిటివ్ అని తేలిందంట. మనిషి గట్టిగా ఉన్నాడు, రోజూ పనికి పోతున్నాడు. డాక్టరేమో ఇప్పుడు మందులక్కర్లేదు, ఆరు నెలలకోసారి టెస్టులకు రమ్మన్నాడంట. జబ్బుంటే మందియ్యాల కదన్నా, ఇదేంది అని ఆమె టెన్షన్.

చెల్లెమ్మా, ఈ వైరస్ లివర్ కణాన్ని నేరుగా చంపదు. లోపల చేరి తన కాపీలు తీసుకుంటుంది. లివర్ దెబ్బతినేది ఎక్కువగా మన టీ కణాల వల్లే. తెల్ల రక్తకణాల్లో ఇవొక రకం, వైరస్ దూరిన కణాన్ని గుర్తుపట్టి చంపుతాయి. పెద్దయ్యాక సోకితే నూటికి 95 మందికి పైగా అలాగే వదిలించుకుంటారు. పుట్టేటప్పుడు తల్లి నుంచి సోకితే మాత్రం నూటికి 90 మంది దాకా అది ఉండిపోతుంది. మీ ఆయనకూ పసితనంలోనే సోకి ఉండొచ్చు.

మరి ఇన్నేళ్లుగా టీ కణాలు పడుకున్నాయా? లేదు. లండన్‌లో మాలా మైనీ బృందం 2000లో ప్రచురించిన పరిశోధన ఉంది, నాకు చాలా ఇష్టమైనది. వైరస్ తక్కువగా ఉండి, లివర్ వాపు లేనివాళ్లలో ఈ వైరస్‌ను గుర్తుపట్టే టీ కణాలు లివర్‌లో బాగానే కనబడ్డాయి, పనీ చేస్తున్నాయి. లివర్ పాడైనవాళ్లలోనేమో వైరస్‌తో సంబంధం లేని కణాలు గుంపులుగా వచ్చి పడ్డాయి. అనంతపురం పక్క వేరుశనగ చేలో రాత్రి కాపలా ఉండే రైతు అడవిపందిని తోలుతాడే గానీ, దాన్ని చంపాలని చేనంతా తొక్కించడు కదా. టీ కణాలూ అంతే, ఇంటర్‌ఫెరాన్ గామా అనే పదార్థం వదిలి, కణాన్ని చంపకుండానే లోపలి వైరస్‌ను తగ్గించగలవు.

పూర్తిగా ఎందుకు పోదంటే, వైరస్ తన డీఎన్ఏను కణ కేంద్రకంలో గుండ్రంగా చుట్టి దాచుకుంటుంది. పైగా ఏళ్ల తరబడి అదే వైరస్‌ను చూసి చూసి టీ కణాలు అలసిపోతాయి, వాటి మీద పీడీ-1 అనే బ్రేకు పడుతుంది. హైదరాబాద్‌లో పుట్టి ఉస్మానియాలో చదివిన రఫీ అహ్మద్ బృందం, ఆ బ్రేకు తీస్తే అలసిన కణాలు మళ్లీ లేస్తాయని 2006లో ఎలుకల్లో చూపించింది. అట్లని బ్రేకు చెడ్డదనుకోవద్దు. అది లేకుంటే లివరే మిగలదు.

ఈ సర్దుబాటు ఎప్పుడైనా చెడొచ్చు. అందుకే ఆ ఆరు నెలల టెస్టులు మానొద్దు, వైరస్ ఎంతుందో, లివర్ ఎంజైములు ఎట్లున్నాయో వాటిలోనే తెలుస్తుంది. క్యాన్సర్ మందులు, ఎక్కువ డోసు స్టెరాయిడ్లు టీ కణాల్ని అణిచేస్తే వైరస్ ఒక్కసారిగా పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. ఏ ఆస్పత్రికి పోయినా, కీళ్లనొప్పులకైనా సరే, ఈ సంగతి ముందే చెప్పమను. కామెర్ల పసరు మాత్రం తాగించొద్దు.

నువ్వూ పిల్లలూ టెస్టు చేయించుకోండి, నెగటివ్ వస్తే టీకా వేయించుకోండి. ఆయన గ్లాసూ కంచం వేరు పెట్టాల్సిన పనిలేదమ్మా, కలిసి తింటే ఇది అంటదు.